రాళ్ళు లేని రిపోర్టు

ఎర్రబండ ఫారెస్టు బంగళా,
మన్ననూరు పోస్టు,
ఆగస్టు 10, 1978

కళావతీ,

పైన బంగళా అని రాశాను కదా అని మీ హుస్సేనీ ఆలంలో నవాబుల దేవిడీ లాంటిది ఊహించుకోకు. పైకప్పు సగం రేకు, సగం ఆకాశం. వాన వస్తే మంచం ఈ మూలకు జరుపుతాను, ఎండ వస్తే ఆ మూలకు. ఎమ్మెస్సీ జువాలజీ చదివి నేను బాగా నేర్చుకున్న పని మంచం జరపడమే.

ఈ కవరులో నా రిపోర్టు ఉంది. మీ ఫారెస్టు ఆఫీసుకే. నువ్వు అక్కడ టైపిస్టువి కాకపోతే దీన్ని చదవగలిగే మనిషి ఆ భవనంలోనే ఉండరు. మా నాన్న ఉద్యోగం మారి మీ ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగినప్పటినుంచీ నా కోడిగీతలకు అలవాటుపడ్డ ప్రాణం నీది.

సంగతేమిటంటే, మార్చిలో ఇక్కడి అడవి కాలింది. ఎర్రబండ వాగు ఈ కొండలోంచే పారుతుంది. పైన ఊట ఉంది గనక ఎండాకాలంలో కూడా సన్నగా పారుతూనే ఉంటుంది. గట్లమీది ఏరుమద్దులూ నేరేళ్ళూ నల్లటి మోళ్ళయ్యాయి. తొలకరి వానకు కొండమీది బూడిదంతా వాగులోకి దిగింది. వాగులో పురుగులు మిగిలాయా, పోయినవి తిరిగి వస్తున్నాయా చూసి చెప్పమని మీ ఆఫీసు నన్ను తాత్కాలికంగా పెట్టుకుంది. బొద్దింక కనిపిస్తే మంచమెక్కి కేకలు పెట్టే మా అమ్మకు పుట్టి, పురుగులు కనిపించడం లేదని కొండల్లో కూర్చుని దిగులుపడుతున్నాను.

చూశాను. లేవు. నాకు తెలిసిన పద్ధతిలో గట్టిగానే చూశాను. చిన్నప్పుడు మా కోనసీమ కాలవల్లో గంపతో దేవినట్టే, లోతైన మడుగుల్లో దిగి, అడుగు మట్టి తీసి, జల్లెడ పట్టాను. బూడిద. బొగ్గు. ఒక చచ్చిన నత్త. అది కూడా నన్ను చూసి చచ్చిందేమో తెలీదు. అందుకని, 'వాగు చచ్చిపోయింది, కోలుకునే సూచనలు లేవు' అని రాసేశాను.

ఇలా రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. వాగు బతికి ఉంటే గట్లమీది చెట్లు ముట్టకూడదనీ, చచ్చిపోతే అన్నీ నరికి నీలగిరి నాటవచ్చనీ మీ ఆఫీసు పద్ధతి. ఆ మోళ్ళు కొన్ని మొదళ్ళ దగ్గర చిగురిస్తున్నాయి. వాటిని చూస్తే బాధగానే ఉంది. కానీ శవం పక్కన కూర్చుని బతికే ఉందని చెప్పలేను కదా. శుభ్రంగా టైపు కొట్టిపెట్టు.

నీ
శారదాంబ


హుస్సేనీ ఆలం, హైదరాబాదు,
ఆగస్టు 21, 1978

అంబా,

శారద అని పిలవమని నువ్వు ఎన్నేండ్లు మొత్తుకున్నా నేను వినను. లేగదూడ తల్లిని పిలిచినట్టు అంబా అని పిలిస్తే నాకు అదో తృప్తి.

నీ రిపోర్టు కొట్టిన. మా సూపరింటెండెంటు ఆనందరావు సారు మస్తు ఖుష్ అయ్యిండు. పెద్దసారు గోపాలకృష్ణమూర్తి గారు ఆ పూటనే సంతకం పెట్టిన్రు. దీపావళి వెళ్ళంగనే గొడ్డళ్ళు దిగుతయట.

మా తెలుగు మిషను కథ నీకు చెప్పలేదు కదా. సర్కారు తెలుగులో రాయమన్నది, తెలుగు మిషను ఇచ్చింది, బాగుచేసేటోణ్ణి ఇయ్యలేదు. ఇప్పుడు ళ వత్తు మీట విరిగింది. 'ళ్ళ' వచ్చిన ప్రతిచోటా కింద జాగా వదిలి, కాగితం తీసినంక కలంతోటి వత్తు దిద్దాలి. 'పెళ్ళి' అనే మాట నా మిషనుల పడదు. జాతకంలనే పడలేదు, ఇంక మిషన్‌ను ఏమంటం?

వాగు రిపోర్టు అనంగనే నా గుండె గుభేలుమన్నది. నీళ్ళు, రాళ్ళు, నీళ్ళు, రాళ్ళు, నా చెయ్యి పడిపోతది అనుకున్న. కానీ నువ్వు దయగలదానివి. నీళ్ళు కుప్పలుగ వచ్చినయి గానీ, రాళ్ళు ఒక్కసారి గూడ రాలేదు. వాగు మీద గింత పెద్ద రిపోర్టు రాళ్ళు లేకుంట ఎట్ల రాసినవే తల్లీ? నీకు దండం పెడుత.

రంజాను నడుస్తున్నది. తెల్లారకముందు సహరీ తిండికి లేపే డప్పు మా కిటికీ కిందనే మోగుతది. ఉపవాసం వాళ్ళది, నిద్ర పోయేది నాకు. నిన్న మిషను మీదనే తల పెట్టి కునుకు తీసిన. లేచేసరికి నుదుటిమీద అక్షరాలు పడ్డయి. ఆనందరావు సారు చూసి, "ఏమమ్మా, నీ తలరాత గూడ నువ్వే కొట్టుకున్నవా?" అన్నడు. ఆఫీసంత నవ్వింది. నేను గూడ నవ్విన, ఏం చేస్త?

కళావతి


ఎర్రబండ,
ఆగస్టు 30, 1978

కళావతీ,

నువ్వు నా రిపోర్టును విరిగిన మీటతో కొలిచావు. సంతోషం. యూనివర్సిటీలో మా ప్రొఫెసర్లకు కూడా తట్టని కొలత ఇది.

రాళ్ళు రాయలేదు, ఎందుకంటే రాళ్ళతో నాకు పని లేదు. జీవం ఉండేది మట్టిలో. మా కోనసీమలో రాయి అంటే రుబ్బురోలు, కాకపోతే దేవుడు. ఆ రెంటినీ ఎవరూ ఎత్తి కింద ఏముందో చూడరు. నువ్వు వత్తులు దిద్దుకో. పురుగుల సంగతి నాకు వదిలెయ్యి.

సెప్టెంబరు 2

పైన రాసిందంతా కోపంగా రాసి, ఉత్తరం సంచిలో పెట్టుకుని టపా తీసుకెళ్ళే జీపు దగ్గరికి బయల్దేరాను. జీపు వాగుకు అవతలి గట్టున ఆగుతుంది. నీళ్ళు తక్కువగా, రాళ్ళమీద గలగలా దూకే చోట దాటాలి. రాళ్ళమీద పచ్చటి పాచి పట్టి ఉంది. పాచి ఎందుకు పట్టిందని ఎమ్మెస్సీ ఆలోచించలేదు. కాలు వేసింది. తర్వాత నేను నీళ్ళలో కూర్చుని ఉన్నాను.

డ్రైవరు ఇస్సాకు గట్టుమీదినుంచి, "అమ్మా, ఏమైంది? దెబ్బ తాకిందా?" అని అరిచాడు.

"ఏం లేదు. పరిశోధన," అన్నాను.

పట్టుకోసం చెయ్యి వేస్తే ఒక రాయి ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని తిట్టడానికి ఎత్తాను. రాయి అడుగున మూడు తోకలున్న పురుగులు, ఒళ్ళంతా రాతికి అతికించుకుని, అటూ ఇటూ పరుగెడుతున్నాయి. ఇంకో రాయి ఎత్తాను. దానికిందా ఉన్నాయి. మూడో రాయికి సన్నటి నల్లటి పురుగులు గుంపుగా అంటుకుని ప్రవాహంలో ఊగుతున్నాయి. తడిసిన చీరతో, మోచెయ్యి గీరుకుపోయి, వాగంతా రాళ్ళు తిరగేస్తూ తిరిగాను. నాకు పిచ్చెక్కిందని ఇస్సాకు ప్రార్థన మొదలుపెట్టాడు.

ఇప్పుడు అంతా అర్థమవుతోంది. చెట్ల నీడ పోయింది గనక ఎండ నేరుగా పడి రాళ్ళకు పాచి పట్టింది. ఆ పాచి తినడానికి ఇవి వచ్చాయి. కొన్ని పైన కాలని ఊట దగ్గరినుంచి కొట్టుకొచ్చాయి. ఇంకొన్నిటి తల్లులు కిందినుంచి ఎగిరొచ్చి గుడ్లు పెట్టి ఉంటాయి. బూడిద మాత్రం పారే చోట నిలవలేక మడుగుల్లో పేరుకుంది. నేను ఆ మడుగుల్లో దిగి వాగుకు శ్రాద్ధం పెడుతున్నాను, పక్కనే రాళ్ళకింద పెళ్ళి భోజనాలు జరుగుతున్నాయి.

కళా, నేను తప్పు రాశాను. వాగు బతికే ఉంది. దీనితో కొత్త కాగితం పెడుతున్నాను. మొదటి వాక్యంలోనే పాత రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. ఇందులో అడుగడుగునా రాళ్ళే, నీ కలానికి నా క్షమాపణలు. గట్లమీది మోళ్ళు నరికితే మళ్ళీ నీడ రాదు, ఎండాకాలం ఆ కాస్త నీళ్ళూ ఉడికిపోతాయి, వచ్చినవి నిజంగానే చస్తాయి. దయచేసి ఆలస్యం చెయ్యకు.

నీ
శారద (అంబా అన్నా ఫర్వాలేదు)


హుస్సేనీ ఆలం,
సెప్టెంబరు 14, 1978

శారదా,

నీ కాగితం అందింది. కొట్టిన. సారుకు ఇచ్చిన. ఫికర్ చెయ్యకు.

ఇక్కడ అందరం క్షేమం. ఈద్‌నాడు పక్కింటి వాళ్ళు షీర్ ఖుర్మా పంపిన్రు. అమ్మ నిన్ను యాది చేసుకున్నది. మోచెయ్యికి పసుపు పెట్టుకొమ్మన్నది. పని ఎక్కువ ఉంది, ఇంతే రాస్తున్న.

కళావతి


ఎర్రబండ,
అక్టోబరు 5, 1978

కళా,

నీ ఉత్తరం చదివి భయమేసింది. నేను నీళ్ళలో కూలబడ్డానని రాస్తే ఒక్క ఎగతాళి లేదు. పైగా శారదా అని పిలిచావు. నువ్వు నన్ను ఆ పేరుతో ఇంతకుముందు పిలిచింది మా నాన్న పోయిన రోజున.

ఇస్సాకు నిన్న మన్ననూరు నుంచి వార్త తెచ్చాడు. కాంట్రాక్టరు మేస్త్రీ దుర్గయ్య గొడ్డలిపని వాళ్ళను మాట్లాడుకుంటున్నాడట. ఎక్కడికి అని అడిగితే, "ఎర్రబండకేనటమ్మా, దీపావళి వెళ్ళంగనే," అన్నాడు. మరి నా కాగితం ఏమైనట్టు?

నేను ఇక్కడ రోజూ రాళ్ళు ఎత్తి, చూసి, మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేస్తున్నాను. ఇంటివాళ్ళు ఉండగా పైకప్పు ఎత్తి చూసినట్టు సిగ్గేస్తుంది. మూడు తోకలవి బాగా పెరిగాయి. కొన్నిటికి వీపుమీద రెక్కల మొగ్గలు నల్లబడ్డాయి, రేపోమాపో ఎగురుతాయి. రాలిన ఆకులు తిని బతికేవి మాత్రం రాలేదు. ఎలా వస్తాయి, రాలడానికి ఆకులుంటే కదా? అవి రావాలంటే ఆ మోళ్ళ చిగుళ్ళు పెరగాలి. అందుకే అడుగుతున్నాను. ఏం జరిగిందో చెప్పు. తిట్టను. తిట్టే హక్కు ఉన్నట్టు కూడా లేదు, మొదట చచ్చిందని రాసిన మహానుభావురాలిని నేనే.

శారద


హుస్సేనీ ఆలం,
అక్టోబరు 13, 1978

అంబా,

నీకు అబద్ధం రాసిన. కొట్టిన మాట నిజం, ఇచ్చిన మాట నిజం. ఫికర్ చెయ్యకు అన్నది అబద్ధం. నీ కాగితం ఆనందరావు సారు సొరుగుల పడి ఉండె. నేను ఒకసారి అడిగిన.

"ఏ కాగితమమ్మా? ఆగస్టుల సచ్చిన వాగు సెప్టెంబరుల లేచి కూసున్నదా? గిది పట్కపోయి పెద్దసారు ముంగట వెడితే నన్ను నవ్వుతడు, నిన్ను నవ్వుతడు. సప్పుడు చెయ్యకుంట నీ పని జూస్కో," అన్నడు.

నేను సప్పుడు చెయ్యలేదు. మా అన్నలు ఎవరి కాపురం వాళ్ళు చూసుకున్నంక ఇంట్ల జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. ధైర్యం అనే మీట నాల ఎప్పుడు విరిగిందో తెల్వదు. నీ ఉత్తరం వచ్చినంక మాత్రం అన్నం సహించలేదు. అమ్మ నాకు జ్వరమనుకుని కషాయం తాగించింది. అది చేదుగున్నది, తగిన శిక్షే అనుకున్న.

నిన్న సారు చాయ్‌కి పోయినప్పుడు సొరుగుల నుంచి కాగితం తీసి నేనే పెద్దసారు గదిలకు పోయిన. ఆయన మొత్తం చదివిన్రు. నవ్వలేదు. మీ వైపు మనిషే కదా, మీ లెక్కనే నెమ్మదిగ అన్నరు:

"చూడమ్మా, వాగు బతికే ఉందంటే గట్లమీద నరకడం ఆపేస్తాను. నాకేం పంతం లేదు. కానీ ఈవిడకు పోస్టు ఇచ్చింది చచ్చిన వాగు కోలుకుంటుందేమో చూడ్డానికి. బతికే ఉంటే ఆ పోస్టు ఎందుకని పైవాళ్ళు నన్ను అడుగుతారు. ఒకే ఆర్డరులో రెండూ రాయాల్సి వస్తుంది. ఆవిడకు తెలుసో లేదో, ఒకసారి కనుక్కోండి."

నీకు తెలుసా? తెలిసే ఆ కాగితం పంపినవా? నాకు ఒక్క ముక్క చెప్పలేదు. నేను దాచిన, నువ్వు గూడ దాచినవు. ఇద్దరం ఇద్దరమే.

ఇంకా టైమున్నది. వద్దంటే కాగితం వెనక్కి తెస్త. ఏం చెయ్యాల్నో రాయి.

కళావతి


ఎర్రబండ,
అక్టోబరు 19, 1978

కళా,

తెలుసు. నన్ను పెట్టుకున్న కాగితంలోనే ఉంది ఆ మాట. నీకు చెబితే నువ్వు టైపు కొట్టవని చెప్పలేదు.

నేనేదో త్యాగమూర్తినని అనుకోకు. ఈ ఉద్యోగం నాకు చాలా ఇష్టం. జీవితంలో మొదటిసారి పొద్దున్నే లేవాలనిపిస్తోంది. ఇది పోతే మళ్ళీ ఏ ట్యూటోరియల్ కాలేజీలోనో బోర్డుమీద కప్ప బొమ్మ గీయాలి. నేను గీసిన కప్పను చూసి పిల్లలు కుర్చీ అనుకుంటారు.

అందుకని ఒక ఉపాయం కూడా ఆలోచించాను. 'వాగు సగమే కోలుకుంది, ఇంకా చూడవలసి ఉన్నది' అని రాస్తే? అబద్ధం కాదు, సగమే కోలుకుంది. నా పోస్టు నిలుస్తుంది. రాశాను కూడా. చాలా అందంగా వచ్చింది. తర్వాత మీ ఆనందరావు గారి కళ్ళతో చదివాను. సగం అంటే ఆయన చచ్చినట్టే లెక్క కడతాడు. నా జీతం వస్తూ ఉంటుంది, గట్టుమీద గొడ్డళ్ళు పడుతూ ఉంటాయి. చించేశాను.

వాగు బతికే ఉంది. గట్లమీది చెట్లు ఉంచితే మిగతావీ వస్తాయి. అదే పెద్దసారుకు చెప్పు. కాగితం వెనక్కి తేవద్దు. నువ్వు ఆ గదిలోకి వెళ్ళావని చదివి నాకెంత గర్వమేసిందో రాయడం చేతకావడం లేదు. నాకు చావు రిపోర్టులే బాగా వచ్చు.

నీ
శారద


హుస్సేనీ ఆలం,
అక్టోబరు 27, 1978

అంబా,

ఆర్డరు అయ్యింది. అసలు కాపీ జిల్లా ఆఫీసుకు పోయి, అక్కడ నిద్రపోయి, మీ కొండకు ఎప్పుడొస్తదో దేవునికెరుక. పండుగ నాలుగు దినాలల్ల ఉన్నది. అందుకని పెద్దసారును అడిగి, ఆయన పొట్టి సంతకం పెట్టించి, కార్బన్ కాపీ ఇందుల పెడుతున్న. ఎక్స్‌ప్రెస్ డెలివరీ చేస్తున్న. ఆనందరావు సారు నాతోటి మాట్లాడ్తలేడు. ఆఫీసు ప్రశాంతంగ ఉన్నది.

అందులో రెండే వాక్యాలున్నయి. ఎర్రబండ వాగు సజీవంగా ఉన్నందున రెండు గట్లమీది చెట్లు కొట్టరాదు. పై కారణంగా పరిశోధకురాలి తాత్కాలిక పోస్టు ఈ నెలాఖరుతో రద్దు.

రెండోది కొట్టేటప్పుడు మధ్యల ఆగిన. ఇంకో టైపిస్టు కొడతనన్నది. ఇయ్యలేదు. నీ గురించి రాసేది ఏదైనా నేనే కొట్టాలె. ఏడ్చుకుంట కొట్టిన, ఒక్క తప్పు పోలేదు.

కళావతి


ఎర్రబండ,
నవంబరు 3, 1978

కళా,

కాపీ నిన్న సాయంత్రం చేరింది. ఇవాళ పొద్దున మొహం కడుక్కుంటుండగానే దుర్గయ్య మనుషులతో దిగాడు. భుజాలమీద గొడ్డళ్ళు. నేను కాగితం పట్టుకుని పరుగెత్తాను. ఈసారి పడలేదు, నీకు ఆశాభంగం.

దారిలో నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. నెలాఖరు దాటిపోయింది. రెండో వాక్యం ప్రకారం వాళ్ళను ఆపే అధికారం నాకు లేనేలేదు. అందుకని కాగితాన్ని మొదటి వాక్యం కింద మడిచాను. మహా తెలివిగా బొటనవేలితో అదిమి పట్టుకుని చూపించాను.

దుర్గయ్య కాగితం తన చేతిలోకి తీసుకున్నాడు. "నాకు సదువుడొస్తదమ్మా, జర నిమ్మళంగ," అని వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాడు. "గట్ల మీది... చెట్లు... కొట్టరాదు." చదివి, మడత విప్పాడు. కిందిది కూడా అంతే నిమ్మళంగా చదివాడు.

"గిదేందమ్మా? నీ నౌకరి తీసేసిన్రా?"

"అవును."

"ఏం జేసినవు?"

"వాగు బతికుందని చెప్పాను."

అతను వాగు వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. "బతికే ఉన్నది గదా," అన్నాడు.

మనుషులు కాసేపు గొణిగారు, ఒక పూట పని పోయింది మరి. దుర్గయ్య వాళ్ళను కసిరి, కాంట్రాక్టరుతో తాను మాట్లాడతానని చెప్పి, వెనక్కి నడిపించాడు. పోతూపోతూ ఆగి, తన మూట విప్పి, జొన్నరొట్టె మీద ఇంత మిరపకాయ తొక్కు వేసి నా చేతిలో పెట్టాడు. "పొద్దుగాల్నుంచి ఏం తిన్నట్టు లేవు. తిను బిడ్డా," అన్నాడు. నీ ఆర్డరు చదివినప్పుడు నేను ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను. కారం అనుకున్నారేమో, ఒకతను నీళ్ళు తెచ్చిచ్చాడు.

సోమవారం బస్సుకు వస్తున్నాను. ఉద్యోగం సంగతి మీ అమ్మకు నువ్వే చెప్పిపెట్టు. మీ ఇంటి వెనక మా వాటాలో కొన్నాళ్ళు నన్ను ఎవరూ ఏమీ అడగకుండా చూడు.

వాళ్ళు వెళ్ళిపోయాక గట్టుమీద ఒక్కదాన్నే కూర్చున్నాను. గొడ్డలి చప్పుడు లేదు, నీళ్ళ చప్పుడే. ఈ కొండలో నాకిక ఏ పనీ లేదు కళా. అయినా చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

నీ
అంబ